సెపరేటింగ్ ఫన్నెల్ ముందు నిలబడినప్పుడు

(కెమిస్ట్రీ ఎమ్మెస్సీ విద్యార్థులకు, బల్క్ డ్రగ్ పరిశ్రమలో ప్రాసెస్ డెవలప్‌మెంట్ చూసే ఒక కెమిస్టు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. సెపరేటింగ్ ఫన్నెల్లో, అంటే కింద కుళాయి ఉన్న గాజు గరాటులో, నీళ్ళున్నాయి. ఎండీసీ పోశాం. మెథిలీన్ డైక్లోరైడ్, మీ పుస్తకాల్లో డీసీఎం అని ఉంటుంది, మా ఫ్యాక్టరీల్లో అందరూ ఎండీసీ అనే అంటారు. పైన ఉంటుందా, కింద ఉంటుందా? కింద. అందరూ కిందే అంటున్నారు, మంచిది. ఇప్పుడు నీళ్ళు తీసేసి 50 శాతం కాస్టిక్ లై పెట్టాం. ఎండీసీ ఎక్కడుంటుంది? ఏమ్మా, ఇందాకటి గొంతు ఏమైంది?

పైన ఉంటుంది. కాస్టిక్ లై అంటే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం. నీటి సాంద్రత 1 అయితే 50 శాతం లైది 1.53. ఎండీసీది 1.33. తేలుతుంది, అంతే. అందులో వింతేం లేదు.

క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు కింద, మిగతావి పైన అని మీరంతా కంఠతా పట్టారు. నేనూ అలాగే చదువుకున్నాను. అది తప్పని అనను. ఈథర్ 0.71, హెక్సేన్ 0.66, టోలీన్ 0.87, ఇథైల్ ఎసిటేట్ 0.90. ఇవన్నీ నీటి మీద తేలతాయి. ఎండీసీ, క్లోరోఫామ్ మునుగుతాయి. కానీ వర్కప్‌లో అంటే రియాక్షన్ అయ్యాక ప్రొడక్ట్‌ని కడిగి వేరుచేసే పనిలో, మన ముందుండేవి మంచినీళ్ళు కావు కదా? అందులో ఉప్పుంటుంది, కార్బొనేట్ ఉంటుంది, రియాక్షన్‌లో పుట్టిన చెత్తంతా ఉంటుంది. క్లోరోబెంజీన్ తీసుకోండి. సాంద్రత 1.11. మామూలు నీళ్ళతో కడిగితే కింద ఉంటుంది. తర్వాత సంతృప్త బ్రైన్‌తో కడిగారనుకోండి. బ్రైన్ అంటే ఉప్పునీళ్ళు, ఇక కరగనంత ఉప్పు వేసినవి. దాని సాంద్రత 1.2. పొరలు తలకిందులైపోతాయి. మొదటి వాష్‌లో కింద పొర ఉంచుకున్న మనిషి రెండో వాష్‌లోనూ అలవాటు కొద్దీ కింద పొరే ఉంచుకుంటే, చివరికి సాల్వెంట్ ఎగరగొట్టే రోటావేపర్లో మిగిలేది ఉప్పు.

అనుమానం వస్తే ఏం చెయ్యాలి? డ్రాపర్‌తో రెండు చుక్కలు నీళ్ళు వెయ్యండి. పై పొరలో కలిసిపోయిందా, పైది నీటి పొర. పైపొరలో కలవకుండా బొట్టులా విడిగా నిలిచిందా, లేక జారి కిందకెళ్ళి కలిసిందా, కిందది నీటి పొర. పది సెకన్ల పని. ఇంకోటి, ప్రొడక్ట్ చేతికొచ్చి తూకం వేసేదాకా ఏ పొరనీ పారబోయకండి. ఫ్లాస్కు మీద పేరు రాసి పక్కన పెట్టండి.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సాంద్రత తేడా ఉంది కాబట్టి పొరలు విడిపోతాయి అని చాలామంది అనుకుంటారు. ఇంటర్వ్యూల్లో అడిగితే పదిమందిలో సగంమంది పైగా ఇదే చెప్తారు. నేను వెంటనే ఇంకో ప్రశ్న అడుగుతాను. ఇథైల్ ఆల్కహాల్ సాంద్రత ఎంత? 0.79. ఇథైల్ ఎసిటేట్ కన్నా తేలిక. మరి ఆల్కహాల్ నీటి మీద పొరగా ఎందుకు తేలదు? ఎంత పోసినా కలిసిపోతుందే! అంటే సాంద్రతకీ పొర ఏర్పడటానికీ సంబంధం లేదన్నమాట. పొరలంటూ ఏర్పడ్డాక ఎవరు పైన, ఎవరు కింద అన్నది మాత్రమే సాంద్రత తేలుస్తుంది. అసలు పొరలు ఏర్పడతాయా లేదా అన్నది వేరే లెక్క. ఎంతసేపట్లో విడిపోతాయన్నది ఇంకో లెక్క. ఈ మూడింటినీ కలగాపులగం చెయ్యడం వల్లే ల్యాబుల్లో సగం తిప్పలు.

మొదటి లెక్క చూద్దాం. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆల్కహాల్‌కి ఓహెచ్ ఉంది, అది కూడా ఆ పట్టులో చెయ్యి కలపగలదు. హెక్సేన్‌కి ఆ చెయ్యి లేదు. ఇంతవరకు మీకు తెలిసిందే. నూనెకీ నీటికీ పడదు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి అని కూడా విని ఉంటారు. తోసుకోవడం ఏమీ లేదు. గది ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోకార్బన్ నీటిలో కరిగినప్పుడు వచ్చే ఎంథాల్పీ మార్పు దాదాపు సున్నా. నిజంగా తోసుకుంటే చాలా శక్తి ఖర్చు కావాలి కదా? కాదు. మరి ఎందుకు కలవదు? ఎంట్రోపీ. హెక్సేన్ అణువు నీటిలో దూరితే, దాని చుట్టూ ఉన్న నీటి అణువులు తమ బంధాలు పోకుండా చూసుకోవడానికి ఒక పద్ధతిలో సర్దుకుని నిలబడాలి. వాటి స్వేచ్ఛ పోతుంది. ఆ స్వేచ్ఛ పోకుండా ఉండాలంటే హెక్సేన్ అంతా ఒకచోట పోగుపడటమే మార్గం. డెల్టా జీ ఈక్వల్స్ డెల్టా హెచ్ మైనస్ టీ డెల్టా ఎస్ అని ఇంటర్ నుంచి రాస్తున్నారే, ఆ డెల్టా ఎస్ మీ కళ్ళముందు ఫన్నెల్లో గీత గీసి చూపిస్తోంది.

ఉష్ణోగ్రత మారితే ఈ లెక్క మారుతుంది. బీయెస్సీలో ఫినాల్–వాటర్ ప్రాక్టికల్ చేశారా? చేశారు. దాదాపు 66 డిగ్రీల దగ్గర మబ్బుగా ఉన్నది ఒక్కసారిగా తేటబడుతుంది. ఆపైన ఎంత కలిపినా ఒకే పొర. అందరూ వేడి చేస్తే కలుస్తాయి అని నేర్చుకుని వస్తారు. మరి ట్రైఇథైలమీన్? అది తిరగబడ్డ రకం. 18, 19 డిగ్రీల కింద నీటితో పూర్తిగా కలుస్తుంది, పైకి పోతే విడిపోతుంది. ఏసీ గదిలో ఒకలా, మే నెలలో బయట ఒకలా. ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు దాని నైట్రోజన్ నీటితో బంధం పెట్టుకుంటుంది, వేడెక్కితే ఆ బంధం నిలవదు.

ఇక్కడ ఒక మాట. కలవవు అని మనం అనే సాల్వెంట్లు కూడా కొంత కలుస్తాయి. ఇథైల్ ఎసిటేట్ నీటిలో 8 శాతం దాకా కరుగుతుంది. నీళ్ళు ఇథైల్ ఎసిటేట్‌లోకి 3 శాతం పోతాయి. బ్యుటనాల్ అయితే ఇంకా ఘోరం, అందులో ఐదో వంతు నీళ్ళే కూర్చుంటాయి. టోలీన్ మాత్రం నీటిలో 0.05 శాతం, పెద్ద మనిషి. కాబట్టి మీరు 100 ఎంఎల్ నీటి పొరని 20 ఎంఎల్ ఇథైల్ ఎసిటేట్‌తో తీస్తే, తిరిగి వచ్చేది పదకొండు పన్నెండు ఎంఎల్. సాల్వెంట్ ఎక్కడికి పోయింది సార్ అని అడుగుతారు. ఎక్కడికీ పోలేదు, నీళ్ళలో ఉంది.

ఉప్పు ఎందుకు వేస్తామో ఇప్పుడు అర్థమవుతుంది. 100 ఎంఎల్ నీటిలో 36 గ్రాముల సోడియం క్లోరైడ్ పడుతుంది. ఆ అయాన్లు నీటి అణువుల్ని తమ చుట్టూ కట్టేసుకుంటాయి. సాల్వెంట్‌ని పట్టుకోవడానికి నీటికి తీరిక ఉండదు. నీటితో పూర్తిగా కలిసే అసిటోనైట్రైల్‌ని కూడా ఉప్పు వేసి పొరగా బయటికి తోసెయ్యొచ్చు. కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలు పరీక్షించే క్వెచర్స్ పద్ధతి ఉంది, 2003లో వచ్చింది, దాని కీలకమే ఇది. టీహెచ్ఎఫ్‌ని, ఐపీఏని (టెట్రాహైడ్రోఫ్యూరాన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే సాల్వెంట్లు) కూడా ఇలాగే లాగొచ్చు. చివరి వాష్ బ్రైన్‌తో చేస్తే ఆర్గానిక్ పొరలోని నీళ్ళు చాలావరకు అక్కడే దిగిపోతాయి, మిగిలిన తడి పీల్చడానికి సోడియం సల్ఫేట్ గుప్పెడు చాలు. బ్రైన్ వాష్ మానేసి గంపెడు సల్ఫేట్ పోసేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు మన కాంపౌండ్ ఏ పొరలోకి పోతుంది? నెర్న్‌స్ట్ 1891లో చెప్పిన విభాజన సూత్రం మీకు తెలుసు. రెండు పొరల్లోని గాఢతల నిష్పత్తి స్థిరం. అది 4, అంటే సాల్వెంట్ పొరలో గాఢత నాలుగు రెట్లు, అనుకుందాం. 100 ఎంఎల్ నీళ్ళు, 100 ఎంఎల్ సాల్వెంట్. ఒకేసారి పోసి ఊపితే 80 శాతం వస్తుంది. అదే 100ని రెండు యాభైలు చేస్తే? నీటిలో ప్రతిసారీ మూడో వంతు మిగులుతుంది, రెండుసార్లకి తొమ్మిదో వంతు. అంటే 89 శాతం వచ్చింది. మూడు భాగాలు చేస్తే 92. పది భాగాలు చేస్తే? 96, 97 మధ్య. ఎన్ని ముక్కలు చేసినా ఆ 100 ఎంఎల్‌తో 98 కొంచెం దాటుతుందేమో గాని అంతకన్నా రాదు. అందుకే మూడుసార్లు అనే సంప్రదాయం. నాలుగోసారి చేస్తే పాపం ఏం లేదు, పుణ్యమూ పెద్దగా లేదు.

కానీ ఈ 4 అనే అంకె ఉందే, దాన్ని దేవుడు రాసిన రాత అనుకోకండి. మన కాంపౌండ్ ఆమ్లమో క్షారమో అయితే ఆ అంకెని వెయ్యి రెట్లు అటూ ఇటూ తిప్పగలం. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ 4.2, అంటే ఆ పీహెచ్ దగ్గర దాని అణువుల్లో సగం అయాన్లుగా ఉంటాయి. పీహెచ్ 2.2లో 99 శాతం తటస్థంగా ఉంటుంది, సాల్వెంట్‌లోకి పోతుంది. పీహెచ్ 6.2లో 99 శాతం అయాన్. అయాన్ సాల్వెంట్‌లోకి రాదు, నీటినే పట్టుకుని ఉంటుంది. నాలుగు పీహెచ్ యూనిట్ల దూరంలో అదే అణువు ఇల్లు మారిపోయింది.

దీని గొప్పతనం తెలియాలంటే పెన్సిలిన్ సంగతి వినాలి. 1928లో ఫ్లెమింగ్ చూశాడు, సరే. తర్వాత చాలాకాలం దాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. ఎందుకు? ఆమ్లం చేస్తే ఈథర్‌లోకి వస్తోంది గానీ, ఆ ఈథర్‌ని ఆవిరి చేస్తే మందు పాడైపోతోంది. 1940లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందంలో నార్మన్ హీట్లీ అనే కుర్రాడు, మీకన్నా అయిదారేళ్ళు పెద్ద, చాలా సులువైన మాట అన్నాడు. ఈథర్‌ని ఎగరగొట్టడం ఎందుకు? తటస్థంగా ఉన్న నీళ్ళు పోసి ఊపితే అదే తిరిగి నీటిలోకి దిగుతుంది కదా! ఆమ్లంలో సాల్వెంట్‌లోకి, మళ్ళీ శుభ్రమైన నీటిలోకి. బ్యాక్ ఎక్స్‌ట్రాక్షన్. చెత్తంతా మొదటి నీటిలోనూ, ఈథర్‌లోనూ ఉండిపోయింది. దానికి ఆయన కట్టిన యంత్రం చూడాలి మీరు: గాజు గొట్టాలు, సీసాలు, బోడ్లియన్ గ్రంథాలయం వాళ్ళు వద్దని పారేసిన పుస్తకాల బీరువా చట్రం. యుద్ధం రోజులు, ఏది దొరికితే అది. 1941 ఫిబ్రవరిలో మొదటి రోగికి ఎక్కించారు, ఒక పోలీసు కానిస్టేబుల్. మందు చాలక ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్‌ని మళ్ళీ వేరుచేసి ఎక్కించారు. అయినా సరిపోలేదు, ఆయన బతకలేదు.

ఈ రోజు కూడా పెన్సిలిన్‌–జి తీసేది ఈ దారిలోనే. మన కాకినాడ దగ్గర కొత్తగా పెన్సిలిన్‌–జి ప్లాంటు వచ్చింది, మీలో ఆ వైపు వాళ్ళు ఉంటే తెలిసే ఉంటుంది. పరిశ్రమలో సాధారణంగా బ్యుటైల్ ఎసిటేట్ వాడతారు. పీహెచ్ రెండు, రెండున్నర. ఆ పీహెచ్‌లో పెన్సిలిన్ బతికేది కాసేపే. అందుకని బాగా చల్లగా ఉంచుతారు, పొరలు వాటంతటవే విడిపోయేదాకా ఆగరు, సెంట్రిఫ్యూజ్ ఎక్స్‌ట్రాక్టర్లో వేసి గిర్రున తిప్పి క్షణాల్లో వేరుచేస్తారు. ఆగితే సరుకు పోతుంది.

ఆగడం గురించే ఇప్పుడు. మీకు పుస్తకాల్లో దొరకనిదీ, ఉద్యోగంలో మొదటి నెలలోనే ఎదురయ్యేదీ ఇదే. పొరలు ఎంతసేపట్లో విడిపోతాయి?

ఊపినప్పుడు ఒక ద్రవం రెండోదానిలో చిన్నచిన్న బొట్లుగా చెదురుతుంది. బొట్టు పైకో కిందకో కదలాలి, తర్వాత పక్క బొట్టుతో కలవాలి. కదలడం స్టోక్స్ సూత్రం. వేగం బొట్టు వ్యాసం వర్గానికి, సాంద్రత తేడాకి అనులోమం. లెక్క వేద్దాం, రాసుకోండి. నీటిలో ఇథైల్ ఎసిటేట్ బొట్టు, వ్యాసం 0.1 మిల్లీమీటర్. తేడా 0.1. సెకనుకి సుమారు అర మిల్లీమీటర్ పైకి పోతుంది. మీ ఫన్నెల్లో ద్రవం ఎత్తు 10 సెంటీమీటర్లు, మూడు నిమిషాల్లో విడిపోతుంది. అదే మా రియాక్టర్లో ఎత్తు ఒక మీటరు. అరగంట. ల్యాబ్‌లో మూడు నిమిషాలు అని రిపోర్టులో రాసి పంపుతారు, ప్లాంట్‌లో షిఫ్ట్ కెమిస్టు అయిదు నిమిషాలు ఆగి వాల్వ్ తిప్పుతాడు, నీళ్ళతో పాటు ప్రొడక్ట్ కూడా పోతుంది. తప్పెవరిది? బొట్టుని అడగాలి.

ఇంకా ఉంది. బొట్టు 0.1 కాకుండా 0.01 మిల్లీమీటర్ అయితే? వేగం వందో వంతు. మీటరు ఎక్కడానికి 50 గంటలు. రెండు రోజుల పైన! అదేనండీ ఎమల్షన్. ఫన్నెల్ని పట్టుకుని శత్రువు మీద కసి తీర్చుకున్నట్టు ఊపేవాళ్ళు తయారుచేసేది ఈ బొట్లనే. ఎక్స్‌ట్రాక్షన్‌కి అంత ఊపక్కర్లేదు. మెల్లగా పదిహేను ఇరవైసార్లు తలకిందులు చేస్తే సమతాస్థితి వచ్చేస్తుంది. మధ్యమధ్య స్టాప్‌కాక్ తెరిచి గాలి వదలండి, కాడ ఎవరి మొహం వైపూ లేకుండా. ఎండీసీ 40 డిగ్రీలకే మరుగుతుంది, బైకార్బొనేట్ ఉంటే కార్బన్ డైయాక్సైడ్ కూడా పుడుతుంది. మూత ఎగిరి ప్రొడక్ట్ సీలింగు మీద ఉన్న ల్యాబులు నేను చూశాను.

బొట్టు చిన్నదవడం సులువా కష్టమా అన్నది రెండు ద్రవాల మధ్య తలతన్యత మీద ఉంటుంది. నీటికీ హెక్సేన్‌కీ మధ్య అది 50 మిల్లీన్యూటన్ పర్ మీటర్. నీటికీ ఇథైల్ ఎసిటేట్‌కీ మధ్య 7. బ్యుటనాల్‌తో 2. తక్కువైతే తేలిగ్గా నలిగిపోతుంది. అందుకే ఇథైల్ ఎసిటేట్ మనల్ని ఏడిపించినంత టోలీన్ ఏడిపించదు. పైగా బొట్టు చుట్టూ ఏదైనా పొరలా పట్టేసిందా, ఇక పక్క బొట్టుతో కలవదు. టీ పొడి నుంచి కెఫీన్ తీసే ప్రాక్టికల్ చేసినవాళ్ళకి గుర్తుండాలి. సోడియం కార్బొనేట్ వేస్తే టానిన్లు లవణాలుగా మారి నీటిలో ఉండిపోతాయి, మంచిదే. కానీ ఆ లవణాలు సబ్బులా పనిచేస్తాయి. ఎండీసీ పోసి గట్టిగా ఊపితే గోధుమరంగు నురగ, ఒక పూటంతా చూస్తూ కూర్చోవడం.

మరి ఏం చెయ్యాలి? మొదట ఏమీ చెయ్యకండి. స్టాండు మీద పెట్టి టీ తాగి రండి. రాకపోతే కాస్త బ్రైన్ వెయ్యండి, గుండ్రంగా మెల్లగా తిప్పండి. ఇంటర్‌ఫేస్ దగ్గర నలుసులు కనిపిస్తున్నాయా? అయితే ఉప్పుతో పని కాదు. హైఫ్లో అనే వడపోత పొడి పరిచి దాని మీద వడకట్టండి, సన్నటి ఘనపదార్థం పోగానే పొరలు టక్కున విడిపోతాయి. నా లెక్కలో ఇది అన్నిటికన్నా మంచి మందు, కానీ ఎవరూ మొదట చెయ్యరు, చివరికి చేస్తారు. టోలీన్ లాంటిదైతే 45, 50 డిగ్రీలకి వేడి చేయొచ్చు. చలికాలంలో వెన్న పడకపోతే ఇంట్లో కవ్వం ఆపి కాసిని వేడినీళ్ళు పోస్తారే, ఇదీ అలాంటిదే, వేడికి బొట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈథర్ ఉంటే మాత్రం ఆ ఆలోచన కూడా వద్దు.

ప్లాంట్‌లో పొరలు వేరుచేసేటప్పుడు రియాక్టర్ కింద సైట్ గ్లాస్, అంటే లోపల పోయేది కనపడే గాజు కిటికీ, ఉంటుంది. ఆపరేటర్ దాని దగ్గర టార్చి పెట్టుకుని కూర్చుంటాడు. రెండు పొరలూ రంగులేనివైతే గీత కనపడదు, వక్రీభవనంలో చిన్న తేడా మాత్రం కంటికి తెలుస్తుంది. రెండిటి మధ్య మురికి పొర ఒకటి వస్తుంది, రాగ్ లేయర్ అంటాం. దాన్ని ఎటూ పంపకుండా విడిగా డ్రమ్ములోకి తీసి, బ్యాచ్ చివర్లో వడకట్టి చూడాలి. అనుభవం ఉన్న ఆపరేటర్ వాల్వ్ దగ్గర చప్పుడు మారడం విని చెప్తాడు, పొర మారింది సార్ అని. నేను వాళ్ళ దగ్గర నేర్చుకున్నంత పీహెచ్‌డీలో నేర్చుకోలేదు.

ఆక్వస్ లేయర్ ఎక్కడికి పోతుంది? మీరు ల్యాబ్‌లో సింక్ చూపిస్తారు. మా దగ్గర ఈటీపీకి, అంటే వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకి, పోతుంది. ఇందాక అనుకున్నాం, 8 శాతం ఇథైల్ ఎసిటేట్ అందులో ఉంది. వెయ్యి లీటర్ల నీటి పొరలో 80 కిలోల సాల్వెంట్. దాని సీఓడీ, అంటే అది పూర్తిగా ఆక్సీకరణం కావడానికి పట్టే ఆక్సిజన్, లెక్క కట్టండి: గ్రాముకి 1.82 గ్రాముల ఆక్సిజన్. లీటరుకి లక్షా నలభై వేల మిల్లీగ్రాములు దాటుతుంది. నదులు, చెరువుల్లోకి వదలడానికి మన దేశంలో సాధారణ పరిమితి 250. లక్షా నలభై వేలెక్కడ, 250 ఎక్కడ! అందుకే ముందు స్ట్రిప్పర్లో సాల్వెంట్ లాగేస్తారు. సాల్వెంట్ ఎంచుకునేటప్పుడు ప్రొడక్ట్ కరుగుతుందా అని ఒక్కటే చూస్తారు మీరు, నీటిలో ఎంత కరుగుతుంది అని కూడా చూడండి.

ప్రొడక్ట్ సంగతీ అంతే. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి అణువుకి ఒక పక్క ఆమ్లం, ఒక పక్క అమీన్. ఏ పీహెచ్‌లో పెట్టినా ఏదో ఒక వైపు అయాన్‌గానే ఎక్కువ భాగం ఉంటుంది, సాల్వెంట్‌లోకి సరిగ్గా రాదు. నీటిలో ఉండిపోయేదే ఎక్కువ. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. అది శుద్ధి అయ్యాక వచ్చిన నీరు, గుర్తుంచుకోండి. దానికి కారణాలు చాలా, ఒక్క ఎక్స్‌ట్రాక్షన్ మీద తోసెయ్యను. కానీ మనం పక్కన పెట్టిన పొరలో ఏముందో తెలుసుకోవలసిన బాధ్యత ఎవరిది?

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనకాల అమ్మాయి. మూడు పొరలు రావడం ఉంటుందా అని అడుగుతోంది. ఉంటుందమ్మా. హెక్సేన్, అసిటోనైట్రైల్, సంతృప్త ఉప్పునీళ్ళు కలిపి చూడు, మూడు గీతలు కాదు, రెండు గీతలు, మూడు పొరలు. పైన హెక్సేన్, మధ్యలో అసిటోనైట్రైల్, కింద బ్రైన్. మా పనిలో ఇంకోచోట వస్తుంది. టోలీన్, గాఢమైన కాస్టిక్, టీబాబ్ (టెట్రాబ్యుటైల్ అమ్మోనియం బ్రోమైడ్) అని ఒక పొరలోని అయాన్లని రెండో పొరలోకి మోసే ఫేజ్ ట్రాన్స్‌ఫర్ క్యాటలిస్టు వాడతాం. ఆ క్యాటలిస్టు రెండిట్లోనూ సరిగ్గా ఇమడక మధ్యలో నూనెలాంటి పొరగా నిలబడుతుంది. కొన్ని రియాక్షన్లు జరిగేదే ఆ మధ్య పొరలో. కొత్తగా చేరిన వాళ్ళు దాన్ని రాగ్ లేయర్ అనుకుని డ్రమ్ములోకి తీసేస్తారు. తర్వాతి బ్యాచ్‌కి క్యాటలిస్టు మళ్ళీ కొనాలి. మధ్య పొర కనిపిస్తే ముందు ఒక చుక్క తీసి నీటిలో, ఒక చుక్క టోలీన్‌లో వేసి చూడు. ఎటు కలిసిందో రాసుకో. ఇంకెవరు?